పాత డ్రైవరు కూడ విడిభాగమే

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు ఉచితముగ అందుచుండిన భద్రతా సవరణలు నిలిచిపోవుటచేత, పదేండ్లుగా ఆ ఆపరేటింగ్ సిస్టమునకు అలవాటుపడిన గృహస్థులును, విద్యార్థులును, పింఛనుదారులును, చిన్న కార్యాలయముల గుమాస్తాలును, కొందరు ఇష్టపడియు, పెక్కుమంది తెరమీద పదేపదే మెరసిన హెచ్చరికలకు వెరచియు, తమ ల్యాప్‌టాప్‌లను విండోస్ 11లోనికి మార్చుకొనిరి. మార్పు జరిగిన మరునాడే వారిలో కొందరు ఒకేరీతి ఫిర్యాదుతో మరమ్మతు దుకాణముల మెట్లెక్కవలసివచ్చెను. ఉత్తరముల పని, లెక్కల పని, బ్యాంకు పని ఎప్పటివలెనే సాగుచున్నవి గాని, వీడియో పెట్టిన క్షణమునుండి బొమ్మ తడబడును. మాట ముందును పెదవి వెనుకయునై నడచును. ముఖములు మసకబారి గడులు గడులుగ విడిపోవును. నలుపు బూడిదరంగునకు దిగును. అడుగున ఉన్న ఫ్యాను, లోపల ఏదో మహాకార్యము జరుగుచున్నట్లు, హోరుపెట్టును. దుకాణములో లభించు తీర్పు మాత్రము తరచుగ ఒక్కటియే: "మోడల్ పాతబడిపోయిందండీ, కొత్తది తీసుకోండి."

ఈ తీర్పును విచారణ లేకుండ అంగీకరించుట తగదని చెప్పుటకే ఈ వ్యాసము. నిన్న సాయంకాలమువరకు సినిమాను నిరాటంకముగ చూపిన యంత్రము, రాత్రి ఒక సాఫ్ట్‌వేరు మార్పు జరిగి తెల్లవారినంతనే వృద్ధాప్యమును పొందదు. దానిలోని సిలికాను నిన్న ఎంత సమర్థమో నేడును అంతే సమర్థము. ఆ సామర్థ్యమును పిలిచి పనిచేయించుకొను మార్గము ఎక్కడనో తెగియుండును. ఆ తెగిన చోటును కనుగొనుట సామాన్యుడు నేర్వదగిన విద్య. దానిని తిరిగి అతుకుటకు వలసిన సామగ్రిని అందుబాటులో ఉంచుట తయారీదారుల ధర్మము. మొదటిదానిని మనము నేర్చుకొనవలెను, రెండవదానిని చట్టముచేత రాబట్టుకొనవలెను.

కంప్యూటరు ఇంటింట చేయు పనులలో వీడియో చూపుట మిక్కిలి భారమైనదను సంగతి మనకు సాధారణముగ స్ఫురింపదు. మాటాడు చిత్రములు వచ్చిన కాలమున స్థిరపడిన లెక్కప్రకారము సినిమా సెకనుకు 24 బొమ్మలతో నడచును. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' నాటినుండి నేటి చిత్రములవరకు ఈ లెక్క సామాన్యముగ మారలేదు. 1920 చుక్కల వెడల్పును 1080 చుక్కల ఎత్తును గల తెరమీద ఒక్కొక్క బొమ్మకు ఇరువది లక్షలకు పైబడిన చుక్కలుండును. చుక్కకు మూడు బైట్ల చొప్పున బొమ్మకు 62 లక్షల బైట్లు, సెకనుకు సుమారు 15 కోట్ల బైట్లు అగును. ఇంటికి వచ్చు ఇంటర్నెట్టు ఇంతటి రాశిని మోయజాలదు కావున, సెకనుకు 5 మెగాబిట్ల ప్రవాహములో ఇముడునట్లు దానిని దాదాపు 240వ వంతునకు కుదించి పంపుదురు. కుదించు పద్ధతులును కాలక్రమమున పెరిగినవి: 2003లో హెచ్.264, 2013లో హెచ్.265 అనబడు హెచ్ఈవీసీ, అదే యేట గూగుల్ వారి వీపీ9, 2018లో పలు సంస్థలు కూడి రూపొందించిన ఏవీ1. ప్రతి క్రొత్త పద్ధతియు పాతదానికంటె గట్టిగ కుదించును. ఆ మేరకు విప్పువేళ ఎక్కువ శ్రమయు కోరును.

విప్పుపనిని కంప్యూటరు రెండు విధముల చేయగలదు. ప్రధాన ప్రాసెసరే కూర్చుండి లెక్కకట్టి విప్పుట మొదటిది. ఇందులో ఏ పద్ధతినైనను విప్పవచ్చును గాని, శ్రమ అధికము, వేడి అధికము, బ్యాటరీ వ్యయము అధికము. గ్రాఫిక్స్ చిప్పులో ఈ ఒక్క పనికొరకే చెక్కబడిన ప్రత్యేక వలయమునకు అప్పగించుట రెండవది. ఇందులో శ్రమ స్వల్పము గాని, ఆ వలయము తాను నేర్చిన పద్ధతులను తప్ప తక్కినవానిని విప్పజాలదు. ఇంటెల్ ప్రాసెసరులనే తీసికొన్నచో, 2011లో వచ్చిన రెండవ తరము హెచ్.264ను చక్కగ విప్పును. హెచ్ఈవీసీ ఆరవ తరమున చేరెను. వీపీ9యు, పది బిట్ల హెచ్ఈవీసీయు ఏడవ తరమున సంపూర్ణముగ కుదురుకొనెను. ఏవీ1 పదునొకండవ తరమువరకు రాలేదు. కావున తన ల్యాప్‌టాప్ ఏ తరమునకు చెందినదో తెలిసికొనుట, వైద్యుడు రోగి వయస్సు అడుగుటకంటె ముఖ్యమైన మొదటి ప్రశ్న.

ఆ ప్రత్యేక వలయమునకును ఆపరేటింగ్ సిస్టమునకును నడుమ ఒక మధ్యవర్తి ఉండవలెను. అతడే డ్రైవరు. కంపెనీ దొరలకు దేశభాషలు తెలియని కాలమున చెన్నపట్టణమందలి వర్తకమంతయు దుబాసీల నోటిమీదుగ నడచినట్లు, విండోస్ కోరికను చిప్పునకును, చిప్పు ఉత్తరమును విండోస్‌కును చేరవేయువాడు ఈ డ్రైవరే. దుబాసీ కొలువు మానిన దినమున దొరయు ఉన్నాడు, సరకును ఉన్నది, బేరము మాత్రము లేదు. సిస్టమ్ అప్‌గ్రేడ్ అగునపుడు పాత డ్రైవరు క్రొత్త ఇంట ఇముడకపోవచ్చును. లేదా ల్యాప్‌టాప్ తయారీదారు ఆ మోడలుకొరకు ప్రత్యేకముగ సవరించి ఇచ్చిన డ్రైవరును తొలగించి, విండోస్ అప్‌డేట్ తనయొద్దనున్న సామాన్య డ్రైవరును అచట కూర్చుండబెట్టవచ్చును. ఏదియు కుదరనిచో 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అను ఆపద్ధర్మపు ఏర్పాటు ప్రవేశించును. తెర చీకటిపడకుండ కాపాడుటయే దాని పని. వీడియో విప్పు వలయము ఉన్నదని కూడ అది ఎరుగదు. అప్పుడు భారమంతయు ప్రధాన ప్రాసెసరు నెత్తిన పడును; ఫ్యాను హోరునకు కారణమిదియే.

తెనాలిలో మా బంధువు, ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పెద్దమనిషి ఒకరున్నారు. పాత చిత్రములు చూచుట ఆయనకు నిత్యకృత్యము. ఎనిమిదవ తరము ప్రాసెసరు గల ల్యాప్‌టాప్‌ను విండోస్ 11కు మార్చిన పిదప 1957 నాటి 'మాయాబజార్' పెట్టుకొనిరి. పడవ విహారపు ఘట్టమునందు మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణమున తెలుపునుండి నలుపునకు అతిమృదువుగ జారవలసిన ఆ వెన్నెల, ఆయన తెరమీద అంచులు తెలియునట్లు నాలుగైదు బూడిదరంగు పట్టీలుగ విడిపోయెను. నీటిమీది తళుకులు చతురస్రములై ఒకచోట ఆగి, అరక్షణమునకు పిదప ఒక్కమారుగ ముందునకు గెంతెను. ఊరిలోని ఒక దుకాణమునకు కొనిపోగా అచటి యువకుడు మూత తెరచి, ఒక నిమిషము చూచి, "బోర్డు వీకైంది మాస్టారూ. దీనికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తది" అనెను. "మొన్నటిదాకా బాగానే ఆడిందిగదయ్యా" అని ఆయన అడుగగా, "పాతదిగా మాస్టారూ, అట్టాగే ఉంటది" అని బదులు వచ్చెను.

ఆ సాయంకాలము ఆయన మేనల్లుడు స్టార్ట్ గుర్తుమీద మౌసు కుడి మీట నొక్కి, డివైస్ మేనేజరు తెరచి, 'డిస్‌ప్లే అడాప్టర్స్' అను వరుసను విప్పెను. ఇంటెల్ పేరు ఉండవలసిన చోట 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉన్నది. ల్యాప్‌టాప్ అడుగున చీటీమీద అచ్చువేసిన మోడలు సంఖ్యను తయారీదారు వెబ్‌సైటులో వేసి, విండోస్ 11కు తగిన గ్రాఫిక్స్ డ్రైవరును దించి, స్థాపించి, యంత్రమును ఆపి తిరిగి నడిపించెను. ఫ్యాను సద్దుమణిగెను, టాస్క్ మేనేజరులో 'వీడియో డీకోడ్' గీత పైకి లేచెను, 'ఆటో'లో 360కి దిగియుండిన నాణ్యతను 1080కి పెంచినను పడవ ఆగక సాగెను. కొత్తది కొనవలసినదని తేల్చబడిన ల్యాప్‌టాప్ కొన్నివందల మెగాబైట్ల డేటా ఖర్చుతో కోలుకొనెను. ఆ యువకుడు మోసగాడని నేననను. కీబోర్డు మార్చుట, హింజ్ బిగించుట, బ్యాటరీ వేయుట అతనికి వచ్చును. కంటికి కనబడని భాగమును భాగముగ లెక్కించు అలవాటు అతనికిని లేదు, మనకును లేదు.

కావున పరీక్షకు ఒక క్రమము అవసరము. మొట్టమొదట దోషము ఇంటర్నెట్టుదా యంత్రముదా అని విడదీయవలెను. ల్యాప్‌టాప్‌లోనే దాచియున్న ఒక వీడియో ఫైలును వైఫై ఆపివేసి ఆడించినచో ఈ సంగతి తేలిపోవును. అది నిర్మలముగ ఆడినచో నెట్‌వర్కునో బ్రౌజరునో అనుమానింపవచ్చును, అదియు తడబడినచో నెట్ కంపెనీతో తగవులాడుట వృథా. యూట్యూబులో అయినచో బొమ్మమీద మౌసు కుడి మీట నొక్కి 'స్టాట్స్ ఫర్ నర్డ్స్' అనునది ఎంచుకొన్నయెడల, ఏ కోడెక్ (కుదింపు పద్ధతి) వచ్చుచున్నదియు, ఎన్ని ఫ్రేములు జారిపోవుచున్నవియు అంకెలలో కనబడును. ఫ్రేముల నష్టము క్షణక్షణము పెరుగుచున్నచో దోషము యంత్రమునందే అని రూఢి చేసికొనవచ్చును.

రెండవది, వీడియో ఆడుచుండగానే టాస్క్ మేనేజరు తెరచి, పెర్‌ఫార్మెన్స్ పుటలో సీపీయూను (ప్రధాన ప్రాసెసరును), జీపీయూను (గ్రాఫిక్స్ చిప్పును) చూచుట. జీపీయూ పుటలోని 'వీడియో డీకోడ్' గీత సున్నవద్ద నిద్రించుచు, సీపీయూ తొంబది శాతమున ఉడుకుచున్నచో, ప్రత్యేక వలయమును ఎవరును పిలుచుట లేదని అర్థము. అప్పుడు డివైస్ మేనేజరును చూడవలెను. అచట చిప్పు తయారీదారు పేరు సరిగ ఉండి, బ్రౌజరులో మాత్రమే తడబాటున్నచో, బ్రౌజరు సెట్టింగులలోని 'గ్రాఫిక్స్ యాక్సెలరేషన్' మీట అప్‌గ్రేడ్ సమయమున ఆగిపోయెనేమో చూడవలెను. మీట సరిగనే ఉన్నను ఫలితము లేనిచో కోడెక్‌ను అనుమానింపవలెను: యూట్యూబు నేడు వీపీ9, ఏవీ1 రూపములకు ప్రాధాన్యమిచ్చుచున్నది, ఆరవ తరము, అంతకు పూర్వపు ఇంటెల్ గ్రాఫిక్స్ వలయములు వానిని విప్పలేనందున భారము ప్రధాన ప్రాసెసరుమీద పడును. హెచ్.264నే అడుగునట్లు బ్రౌజరును నిర్బంధించు 'హెచ్264ఐఫై' వంటి చిన్న ఎక్స్‌టెన్షన్లు ఇట్టి యంత్రములకు గొప్ప ఉపశమనము. డబ్బు చెల్లించి చూచు ఓటీటీలలో మాత్రము నాణ్యత కాపీరైటు రక్షణ తాళములతో ముడిపడియుండును గనుక, ఒక బ్రౌజరులో మసకగ కనబడినది మరియొకదానిలోనో, ఆ సంస్థ సొంత యాప్‌లోనో స్పష్టముగ కనబడవచ్చును. బ్రౌజరు మార్చి చూడక యంత్రమును నిందింపరాదు.

అసలు దోషములే కాని దోషములును కొన్ని గలవు. అప్‌గ్రేడ్ ముగిసిన తరువాత కొంతకాలము విండోస్ తెరవెనుక ఫైళ్ల సూచికను తిరిగి వ్రాసికొనుచు, మిగిలిన సవరణలను దించుకొనుచు ఉండును. చార్జరు తగిలించి ఒక రాత్రి నడువనిచ్చిన సగము బాధ దానంతట అదియే తీరును. పాత ఇంట ఉన్న పవర్ మోడ్ క్రొత్త ఇంట మారి, బ్యాటరీని పొదుపుచేయు యత్నమున వీడియో నాణ్యతను తగ్గించుచుండవచ్చును. సెట్టింగులలోని 'వీడియో ప్లేబ్యాక్' పుటలో నాణ్యతకు ప్రాధాన్యమిమ్మని చెప్పు వీలు కలదు. నలుపు బూడిదయైనచో హెచ్‌డీఆర్ మీటను, రంగుల ప్రొఫైలును చూడవలెను. టీవీకి కేబులు తగిలించిన వేళ మాత్రమే ఇట్లు జరిగినచో 0 నుండి 255 వరకు పోవలసిన కాంతిమానము 16కును 235కును నడుమ ఇరుకుకొన్నదని గ్రహింపవలెను. ఇక సెకనుకు 24 బొమ్మల సినిమా, సెకనుకు 60 మారులు తాజాపడు తెరమీద ఎంతటి క్రొత్త యంత్రమందైనను ఇంచుక అదురును. ఏలయన 60ని 24 సరిగ భాగింపజాలదు, ఒక బొమ్మ రెండు మారులు, మరుబొమ్మ మూడు మారులు నిలువవలసివచ్చును. దీనికై డ్రైవరులు మార్చి మార్చి విసిగిపోవుట అనవసరము.

ఇంతవరకు చెప్పినది స్వయంసహాయము. కాని ఎంత విద్య నేర్చినను సామాన్యుని చేతిలో లేని ద్వారములు కొన్ని ఉన్నవి. నా అసలు ఫిర్యాదు వానిమీదనే.

మొదటిది కోడెక్‌ల లైసెన్సు వ్యవహారము. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని డీవీడీ ఆడించు సౌకర్యము సిస్టములో సహజముగ లభించుట మానెను. హెచ్ఈవీసీయు 2017 తరువాతి విండోస్ 10 రూపములలో విడివడి, మైక్రోసాఫ్ట్ స్టోరులో అమెరికా ధర 99 సెంట్లకు కొనవలసిన వస్తువయ్యెను. అదే యేటినుండి ఐఫోనులు, తరువాత పెక్కు ఇతర ఫోనులును, ఆ హెచ్ఈవీసీ రూపమునందే వీడియోలు తీయుచున్నవి. తమ ఇంటి పెండ్లిని తామే ఫోనుతో పట్టిన వీడియోను తమ ల్యాప్‌టాప్‌లో చూచుకొనుటకు డబ్బు కట్టుమని తెర అడిగినపుడు, అప్‌గ్రేడ్ తరువాత క్రొత్తగ పెట్టిన సిస్టమే చెడినదని జనులు తలచుట సహజము. ప్యారిస్‌లోని విద్యార్థుల ప్రయత్నముగ 1996లో ఆరంభమైన వీఎల్‌సీ ప్లేయరు తన డీకోడరులను తానే మోసికొనితెచ్చుకొనును గనుక, ఉచితముగ ఈ చిక్కును తీర్చును. అదే ఫైలు వీఎల్‌సీలో ఆడి, విండోస్ సొంత ప్లేయరులో ఆడనిచో లోపము ఎచటనో వెంటనే తెలియును. కాని లైసెన్సు రుసుము భయము చిప్పువరకును ప్రాకినది. హెచ్‌పీ, డెల్ సంస్థలు తమ కొన్ని ల్యాప్‌టాప్ మోడళ్లలో, ప్రాసెసరులో పుట్టుకతో ఉన్న హెచ్ఈవీసీ వలయమును పనిచేయకుండ కట్టివేసిన సంగతి 2025లో లోకమునకు తెలిసెను. ఉచిత సాఫ్ట్‌వేరు లోకమును దీనికి అతీతము కాదు: పేటెంటు చిక్కులకు వెరచి 2022లో ఫెడోరా లినక్స్ వారు హెచ్.264, హెచ్ఈవీసీలను గ్రాఫిక్స్ చిప్పుచేత విప్పించు సౌకర్యమును తమ మీసా అను గ్రాఫిక్స్ డ్రైవరుల ప్యాకేజీలనుండి తొలగింపగా, ఏఎండీ చిప్పులుగల ల్యాప్‌టాప్‌లవారు ఆర్‌పీఎం ఫ్యూజన్ అను వేరు భాండారమునుండి దానిని తిరిగి తెచ్చుకొనవలసివచ్చెను. చిప్పు ఉన్నది, దాని వెల చెల్లించితిమి, అయినను పని జరుగదు. కారణమేమో యంత్రము చెప్పదు.

రెండవది వెనుకకు పోవు ద్వారము. విండోస్ 10 వచ్చిన తొలిదినములలో, అప్‌గ్రేడ్ నచ్చనిచో పాత రూపమునకు మరలుటకు 30 దినముల గడువుండెను. 2016లో దానిని 10 దినములకు కుదించిరి. విండోస్ 11లోను సామాన్యముగ అంతే గడువు. ఒక విద్యార్థి సంక్రాంతి సెలవులకు ముందు అప్‌గ్రేడ్ చేసి, తిరిగివచ్చి ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠము తెరచి, అధ్యాపకుడు నల్లబల్లమీద వ్రాసిన సమీకరణపు ఘాతాంకము రెండో మూడో పోల్చుకొనలేక చికాకుపడునాటికి ఆ ద్వారము మూసికొనిపోయియుండును. డివైస్ మేనేజరులో 'రోల్ బ్యాక్ డ్రైవర్' అను మీట ఉన్నమాట నిజమే. వెనుకటి డ్రైవరు డిస్కుమీద మిగిలియున్ననే అది వెలుగును.

మూడవది, మిక్కిలి తీవ్రమైనది, పాత డ్రైవరుల అదృశ్యము. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట, ఉత్పత్తి నిలిచిపోయిన ల్యాప్‌టాప్‌కు కూడ కీబోర్డు, తెర, హింజ్ వెదకినచో దొరకును. ఒకరియొద్ద లేనిచో మరియొకరియొద్ద పాత యంత్రమునుండి ఊడదీసినదైనను ఉండును. డ్రైవరునకు ఇట్టి అంగడి లేదు. అది తయారీదారు వెబ్‌సైటులో ఉన్నంతకాలమే ఉండును. 2019లో ఇంటెల్ సంస్థ తన పాత మదర్‌బోర్డుల డ్రైవరులను, బయోస్ ఫైళ్లను డౌన్‌లోడ్ పుటలనుండి తీసివేసినపుడు, పనిచేయుచున్న యంత్రములుగల వారెందరో అనధికారిక నిలువలను వెదకుకొనవలసివచ్చెను. ఈ వెదకులాట ప్రమాదకరము కూడ. 'కోడెక్ ప్యాక్' అనియు, 'డ్రైవర్ అప్‌డేటర్' అనియు ఆకర్షణీయమైన పేర్లతో ఎదురువచ్చు అనామక ఫైళ్లలో దొంగ సాఫ్ట్‌వేరు దాగియుండుట సాధారణము. వెన్నెల సరిచేసికొనబోయి బ్యాంకు పాస్‌వర్డు పోగొట్టుకొన్నచో, కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడిన చందమగును. ల్యాప్‌టాప్ తయారీదారు, చిప్పు తయారీదారు, మైక్రోసాఫ్ట్, ఈ మూడింటినుండి తప్ప డ్రైవరు తీసికొనరాదు. ఆ మూడు చోట్లను డ్రైవరు లేకుండ చేయుట అనగా పౌరుని దొంగల వీధికి పంపుట.

అప్‌గ్రేడ్‌చేత వస్తువు గుణము తగ్గినపుడు బాధ్యత ఎవరిదను ప్రశ్న విదేశములలో ఇదివరకే నియంత్రణ సంస్థల ముందునకు వచ్చినది. సాఫ్ట్‌వేరు సవరణలచేత ఫోనులు మందగించుటకు కారణమైరని ఇటలీలోని పోటీ నియంత్రణ సంస్థ 2018లో యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా విధించెను. సవరణ బ్యాటరీ ముదిరిన ఫోను వేగమును తగ్గించునను సంగతి వినియోగదారులకు ముందుగ చెప్పనందుకు 2020లో ఫ్రాన్స్‌లో యాపిల్ రెండున్నర కోట్ల యూరోలు చెల్లించెను. 2025 జూన్ 20 నుండి యూరోపియన్ యూనియన్‌లో అమ్ముడగు ఫోనులకు, ట్యాబ్లెట్‌లకు, అమ్మకము ముగిసిన తరువాత కనీసము ఐదేండ్లు సిస్టమ్ సవరణలు, ఏడేండ్లు ముఖ్యమైన విడిభాగములు అందింపవలెనను నిబంధన అమలునకు వచ్చినది. ల్యాప్‌టాప్ ఆ నిబంధన పరిధిలో లేదు. మన దేశమున కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినమునాడు, మరమ్మతు హక్కునకై ఒక పోర్టలును ప్రారంభించి, వ్యవసాయ యంత్రములు, మొబైలు మరియు ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు రంగములను అందులో చేర్చెను. ప్రయత్నము శ్లాఘనీయము. కాని మరమ్మతు అనగా మరమేకులు విప్పి బిగించుట మాత్రమే అను పాత ఊహ తొలగవలెను. నేటి ల్యాప్‌టాప్‌లో విరుగు భాగములకంటె విడిపోవు సంబంధములు అధికము. ఆ సంబంధమును నిలుపు డ్రైవరు, తెర ఎంతటి విడిభాగమో అంతటి విడిభాగము.

ఇందుకు ఎదురుగ చెప్పదగిన మాటలు లేకపోలేదు. పాత సిస్టమ్‌ను పట్టుకొని వ్రేలాడుటవలన భద్రత లోపించునని నిపుణులు చెప్పుదురు. అది సత్యమే, సవరణలనన్నింటిని ఆపివేసికొని కూర్చుండుమని నేనెవరికిని సలహా ఇయ్యను. అయితే భద్రతా సవరణను, రూపమార్పును విడదీయవచ్చునని సంస్థలే ఋజువు చేసినవి: విండోస్ 10లోనే ఉండగోరు గృహస్థులకు 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు భద్రతా సవరణలను మైక్రోసాఫ్ట్ వారే ఏర్పరచిరి. ప్రతి పాత చిప్పునకు శాశ్వతముగ క్రొత్త డ్రైవరు వ్రాయుట అసాధ్యమని తయారీదారులు వాదింతురు, అదియు నిజమే. నేను కోరునది క్రొత్తది వ్రాయుట కాదు, వ్రాసినదానిని తొలగింపకుండుట. కోడెక్ లైసెన్సులకు రుసుము చెల్లింపక తప్పదందురు. అట్లైనచో ఆ రుసుము చెల్లింపలేదను సంగతిని పెట్టెమీద, కొనువానికి తెలియు భాషలో, అమ్మకమునకు ముందే అచ్చువేయుడు.

ప్రభుత్వము చేయవలసిన పని మూడు నియమములలో ఇమిడిపోవును. ల్యాప్‌టాప్ అమ్మకము ముగిసిన తరువాత కనీసము పదేండ్లపాటు, ఆ మోడలునకు ఏనాడైన విడుదలచేసిన ప్రతి డ్రైవరును తయారీదారు తన వెబ్‌సైటులో మోడలు సంఖ్యక్రింద ఉచితముగ నిలిపియుంచవలెను. పెద్ద అప్‌గ్రేడ్‌కు ముందు, ఈ యంత్రమున ఏ సౌకర్యము పోవునో, ఏ డ్రైవరు దొరకదో, తెలుగు మొదలైన దేశభాషలలో తెరమీద స్పష్టముగ చెప్పి అంగీకారము పొందవలెను. వెనుకకు మరలు గడువు, డిస్కులో చోటున్న యంత్రములందైనను, మూడు మాసములకు తగ్గరాదు. ఈ మూడింటిలో దేనికిని క్రొత్త శాస్త్రపరిశోధన అక్కరలేదు. అప్‌గ్రేడ్ తరువాత వీడియో చెడినవారు తయారీదారునకు వ్రాయుచునే, జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు కూడ ఫిర్యాదు నమోదు చేయుట మేలు. ఫిర్యాదుల లెక్క లేనిదే చట్టము కదలదు.

ఒక ఫైలును ఒక సర్వరుమీద పదేండ్లు నిలువయుంచుటకగు వ్యయము, ఆ ఫైలు దొరకనందున ఒక కుటుంబము క్రొత్త ల్యాప్‌టాప్‌కై వెచ్చించవలసివచ్చు వేలరూపాయలముందు లెక్కకు రానంత స్వల్పము. మొదటి వ్యయము అమ్మినవాడు భరింపవలెనా, రెండవ వ్యయము కొన్నవాడు భరింపవలెనా అని అడిగినపుడు ఇప్పటి ఆచారము కొన్నవానినే చూపుచున్నది. మరమ్మతు హక్కును గూర్చి మాటాడుచున్న ప్రభుత్వము ఆ ఆచారమును మార్చుట అసాధ్యమును కాదు, అమ్మినవానికి అన్యాయమును కాదు.